ఓదెలు పత్తాలు ఎవరూ ముట్టుకోలేదు

2023 వానాకాలం. జనగామలో మా మేడ మీది గదే నా ఆఫీసు. వెబ్‌సైట్లు కట్టడం, వాటిని పరీక్షించడం నా పని. భూపాలపల్లి నుంచి సారక్క అనే టీచరమ్మ ఫోన్ చేసింది. వాళ్ల నాన్న ఓదెలు బొగ్గుబావిలో చేసి రిటైరయ్యాడు. క్వార్టర్లు ఖాళీ చేశాక ఆయన పేకాట దోస్తులిద్దరిలో మల్లయ్య నర్మెట్టకు, ఇంకొకాయన పెద్దవంగరకు వెళ్లిపోయారు. ఇప్పుడు ఓదెలు తుంటి విరిగి మంచాన పడి, ఎవరితోనూ మాట్లాడడం లేదట.

"ముగ్గురు ఫోన్ల ఆడుకునేటట్టు జేసియ్యక్కా. పైసల ఆట కాదు, పత్తాలల్ల గాడిద ఆట" అంది.

ఒకరు వేసిన రంగునే మిగతావాళ్లూ వేయాలి. చివరికి చేతిలో ముక్కలు మిగిలి ఓడినవాడే గాడిద. ఇష్టంగా కట్టాను. ఆటోమేటెడ్ బ్రౌజర్ టెస్టులు రాశాను. అంటే మనిషికి బదులు ప్రోగ్రామే బ్రౌజర్ తెరిచి, ముక్కలు నొక్కి, ఆట సరిగ్గా సాగిందో లేదో చెబుతుంది. నిమిషంపాటు కదలని ఆటగాణ్ని బయటికి పంపే టైమ్‌ఔట్ కూడా పెట్టాను. అన్నిటికీ పచ్చ టిక్కులే. నా పని మీద నాకెప్పుడూ అనుమానం ఉండదు.

వారానికే సారక్క ఫోను. "నాయిన ఫోన్ ఇసిరికొట్టిండక్కా. ఇగ ఆడనంటుండు."

నాకు కోపమొచ్చింది. తెల్లారే బస్సెక్కి వెళ్లి ఓదెలు మంచం పక్కన కూర్చున్నాను. బతిమాలితే ఆట మొదలుపెట్టాడు. మధ్యలో సారక్క మాత్రలిచ్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఆయన మళ్లీ ఫోన్ అందుకునేసరికి తెరమీద నేను రాసిన వాక్యమే: మీరు ఆట నుంచి తొలగించబడ్డారు.

"సూసినవా బిడ్డా? ముసలోడు పనికిరాడంటుంది" అన్నాడు. నా ప్రాణం చివుక్కుమంది.

"క్వార్టర్లల్ల ఆట నడుమ ఎవరన్న లేస్తే ఏం జేస్తుంటిరి బాపూ?"

"ఆయన పత్తాలు బోర్లేసి, మీద చాయ కప్పు పెడ్తుంటిమి. డ్యూటీ చేసి వచ్చేదాక ఎవ్వడు ముట్టకపోతుండె. మల్లయ్య పెండ్లికి పోతే మూడొద్దులు గట్లనే ఉంచినం."

"మూడొద్దులు ఆట బందేనా?"

"గా ఆట బందు. ఇంకో పత్తాల కట్ట లేదా ఏంది?" ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాను. టైమ్‌ఔట్ పీకేసి కొత్త టెస్టు రాశాను. ఆట మధ్యలో బ్రౌజర్ మూసేసి, టెస్టులో గడియారాన్ని మూడు రోజులు ముందుకు జరిపి, మళ్లీ తెరిస్తే అవే ముక్కలు ఉండాలి. ఆలోగా మిగతావాళ్లు ఇంకో ఆట వేసుకోవచ్చు. మొదట ఎర్రగా ఫెయిలైంది. సాయంత్రానికి పచ్చబడింది.

తర్వాతి నెల ఓదెలును మరో ఆపరేషన్‌కు వరంగల్ దవాఖానకు తీసుకెళ్లారు. ఒక ఆట సగంలో ఉండిపోయింది. ఆయన ఇల్లు చేరేదాకా దోస్తులిద్దరూ దాన్ని తెరిచి చూసుకుంటూనే ఉన్నారు, ఆడలేదు.

ఇప్పుడు ఏ ఆట కట్టాలన్నా నేను ముందు అడిగేది ఒకటే: మధ్యలో లేచినవాడి కోసం మీరు ఎంతసేపు ఆగుతారు? దాని జవాబు తెలిశాకే టెస్టు రాస్తాను. ఎందుకంటే ఆ రోజు దవాఖాన నుంచి రాగానే ఆట ముగించి ఓదెలు నాకు ఫోన్ చేశాడు. సంతోషం పట్టలేక అరుస్తున్నాడు.

"బిడ్డా, గాడిదనైన!"