సాంచలు ఆగినంక మాయమైన ఎండ

మా చిన్నప్పుడు... సిరిసిల్లల మా ఇంటెనుక రేకుల షెడ్డుల రెండు సాంచలు నడుస్తుండె. సాంచలంటే కరెంటు మగ్గాలే... బయిటోళ్లకు చెప్తున్న. టకటకా ఒకటే మోత. పక్కనున్న మనిషి మాట గూడ ఇనబడకపోయేది.

రేకుకు ఒక తూటు ఉండె. పొద్దుగాల దాంట్లకెల్లి ఎండ ఏటవాలుగ దిగేది... పైకెల్లి కిందిదాక తెల్లగ, మందంగ, ఆరేసిన ధోతి లెక్క! నేను దాంట్ల చేతులు పెట్టి ఆడుతుంటే బాపు, అంటే మా నాయిన, సాంచ కాడికెల్లే నవ్వేటోడు. గా ఎండ మా ఇంటిదే అనుకుంటుంటి నేను. పిచ్చి మొఖం!

ఇగ గిరాకీ పడిపోయింది. నూలిచ్చే సేటు ఇచ్చుడు బంద్ జేసిండు. బాపు మహారాష్ట్రల భివండి పోయిండు, అక్కడ వేరేటోళ్ల సాంచల మీద కూలికి. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చేసుకుంట ఇల్లు నడిపింది.

సాంచలు ఆగి పది దినాలైనంక చూస్తే... షెడ్డుల ఎండ లేదు! నేల మీద రూపాయి బిళ్లంత చుక్క ఉన్నది గని, తూటుకు నేలకు నడుమ ఏమీ లేదు. రేకు మీదికెక్కి చూసొచ్చిన, తూటు గట్లనే ఉన్నది. ఏడుపొచ్చింది నాకు.

గా దినాలల్లనే బడిల సారు కిటికీలు మూసి రెండు గ్లాసులు పెట్టిండు. ఒకదాంట్ల ఉప్పునీళ్లు, ఒకదాంట్ల పలుచటి గంజి. బ్యాటరీ లైటు ఏస్తే ఉప్పునీళ్లల్ల ఏం కనబడలే... గంజిల మాత్రం వెలుగు దారి తెల్లగ తేలింది.

"ఉప్పు పూర్తిగ కరిగిపోయింది పిల్లలూ. గంజిల నలుసులు కరగకుంట తేలాడుతున్నయి. వెలుగు వాటికి తగిలి చెదిరితెనే మనకు కనబడ్తది. గాలిల దుమ్ముకు గూడ గంతే" అన్నడు. గంజి లెక్క నలుసులు తేలే దాని పేరు కాంజికాభం అని పెద్ద తరగతిల చదువుకున్న.

అర్రే! అంటే మా ఎండ యాడికీ పోలే... సాంచలు ఆగినయి, నూలు దుమ్ము కిందికి దిగింది, గంతే!

బతుకమ్మకు బాపు వచ్చిండు. మనిషి సగమైండు. ఇగ బాపును పోనియ్యద్దని నా పట్టు. పొద్దుగాల్నే షెడ్డుల జొచ్చి, సాంచల కింది దూది నుసి అంత చీపురుతోని లేపిన. ఎండ మళ్ల నిలబడ్డది!

"బాపూ, జల్ది రా! చూడు, సాంచలు నడిచినట్టే ఉన్నది... ఇగ ఈడనే ఉండు" అని గా దుమ్ములనే ఎగిరిన.

బాపు గడపల నిలబడి చూసిండు. దగ్గు అందుకున్నది... వంగిపోయి దగ్గిండు. నాకు గూడ దగ్గొచ్చింది. గది చూసి ఆయన మొఖం మారిపోయింది. నన్ను రెక్క పట్టి బయిటికి గుంజిండు.

"గా మెరిసేదంత నా రొమ్ముల ఉన్నది బిడ్డా... నీకద్దు" అన్నడు.

గా వారంలనే రెండు సాంచలు పాత ఇనుప సామాన్లోనికి అమ్మేసి, మళ్ల భివండి బస్సెక్కిండు. బాపును ఉంచుకుందామని చేసిన పనితోని... ఆయన వాపస్ వచ్చి చేసుకునేటందుకు ఉన్న ఒక్క ఆసరాను నేనే పోగొట్టిన.

ఇప్పుడు మా గల్లీల ఎవ్వరి సాంచలు నడుస్తలేవు, చప్పుడే లేదు. చుట్టాలొస్తే "మీ కాడ గాలి ఎంత సాఫ్ ఉన్నదో" అంటరు. నాకు కోపమొస్తది. సాఫ్ ఎందుకుండది... గాలిని కదిలించే మనుషులే లేకపాయె!

మీ ఇండ్లల్ల పని బంద్ అయినంక మొదలు ఏది కనబడకుంట పోయింది? రాయుండ్రి... అన్నీ చదువుత.