ముందు మందు

కరోనా రెండో విడత సూరత్‌ను ఊపేస్తున్న రోజులవి. నేను అక్కడి ఆల్థాన్ పేటలో ఒక చిన్న ప్రసూతి దవాఖానలో నర్సును. మా నాన్న మరమగ్గాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడటంతో గుజరాతీ నాకు ఇంటి భాషలాగే వచ్చు.

ఆ ఉదయం డ్యూటీకి బయలుదేరుతుంటే పక్క గదిలో ఉండే, గుజరాతీ రాని మన తెలుగమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. తల్లికి కరోనా అని ఊరికి వెళ్లిన ఆమె భర్త అక్కడే ఇరుక్కుపోయాడు. ముందురోజు సాయంత్రం, ఆమె పనిచేసే దారం చుట్టే కార్ఖానాలో సూపర్‌వైజర్ తలుపు వేసి ఆమెపై అత్యాచారం చేశాడు. నాలుగు మాటల్లో చెప్పి, "అక్కా, జర నీళ్లు కాగపెడ్తవా, తానం చేస్త" అంది.

"తానం తర్వాత చేద్దువు చెల్లె. ముందుగాల దవాఖానకు పోదాం. మందులు జల్ది ఏసుకోవాలె. నీకు ఇష్టమైతెనే."

ఆమె చెప్పులు వేసుకుంది.

సర్కారు దవాఖాన నిండా కరోనా రోగులే. కిటికీ దగ్గరి గుమాస్తా తల ఎత్తకుండానే, ముందు పోలీసుల కాగితం తెమ్మన్నాడు. చికిత్సకు అది అక్కర్లేదని గుజరాతీలో చెప్పాను. రేపు రమ్మన్నాడు.

"ఆలస్యమైతే మందు పనిచేయదు. రేపు రమ్మన్నానని రాసి సంతకం పెట్టివ్వండి" అన్నాను. వెనుక వరుసలో వాళ్లు విసుక్కున్నారు. నేను కదల్లేదు. చివరికి అతను లోపలికి ఫోన్ చేశాడు.

గదిలో డాక్టరమ్మ తలుపు వేయబోతే ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. డాక్టరమ్మ తలుపు వదిలేసి తెర లాగింది. ప్రతి పరీక్షకు ముందూ "ఆమెను అడుగు" అని నా వైపు తిరిగేది. ఒకదానికి ఆ అమ్మాయి, "గా పరీక్ష వద్దక్కా" అంది. డాక్టరమ్మ కాగితం మీద దాన్ని కొట్టేసింది. తన మాట చెల్లిందని తెలిశాక ఆ అమ్మాయి కొంచెం నిటారుగా కూర్చుంది.

గర్భం రాకుండా ఒక మాత్ర, హెచ్ఐవీ సోకకుండా ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలకు వారమంతా వాంతులు. "ఇగ నాతోని కాదు" అని ఒకరోజు డబ్బా విసిరేసింది. ఏరి తెచ్చాను.

"ఇయ్యాల్టిది ఏస్కో. రేపటి ముచ్చట రేపు."

అన్నీ వేసుకుంది. ఫిర్యాదు గురించి నేను అడగలేదు. భర్త వచ్చాక తనే, "ఠాణాకు పోదాం" అంది. అతను రెండు రోజులు గది బయటికి రాలేదు. మూడో రోజు మాతో ఠాణాకు నడిచాడు.

ఆఖరి రక్తపరీక్షకు ఒక్కతే వెళ్లింది. మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఏం లేదట అక్కా. మంచిగున్న" అంది.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా సెలవు పెట్టి ఆమె, నేను ఇద్దరం కోర్టుకు వెళ్తున్నాం.