పెద్దమ్మ కాపలా కాసిన కమోడు

ఆ రోజుల్లో అలసట అంటే ఆఫీసులో ఫైళ్లు మోస్తే వచ్చేదని నమ్మేవాణ్ణి. నారాయణఖేడ్‌లో కొత్తగా గుమాస్తా ఉద్యోగం, పెద్దమ్మతో కలిసి అద్దె ఇల్లు, పెళ్లి ఊసు లేదు. అసలు అలసట ఎలా ఉంటుందో నాకు ఒక కమోడు నేర్పింది. ఇప్పటికీ వంగినప్పుడల్లా నడుం దాన్ని గుర్తు చేస్తుంది.

నన్ను పెంచింది మా పెద్దమ్మే. బస్సు దిగుతూ పడి, మోకాలికి ఆపరేషన్ అయ్యి, ఇక కింద కూర్చోకూడదన్న మాటతో దవాఖాన నుంచి వచ్చింది. అందుకే వాడ మొత్తంలో కమోడున్న ఒకే ఒక్క ఇల్లు వెతికి పట్టుకున్నాను. ఇంటి ఓనరు చాచా దాన్ని పట్నంలో కూలగొడుతున్న ఏదో బంగళా నుంచి, కిందికి దిగే బీడు పైపుతో, అంటే పోత ఇనుప గొట్టంతో సహా లారీలో వేసుకొచ్చాడు. "అసల్ పాత మాల్ బేటా! నీ మనుమండ్లు గూడ దీని మీదనే గూసుంటరు" అన్నాడు. మనవల దాకా ఎందుకు, పెద్దమ్మను చూడ్డానికి వచ్చిన మా బావ రెండు కాళ్లూ అంచు మీద పెట్టి గొంతుక్కూర్చున్నాడు (ఈ రోజుకీ ఒప్పుకోడు). కమోడును పైపుకు పట్టి ఉంచే ఇనుప చట్రం, అదే ఫ్లాంజి, ఒక పక్క ఫట్‌మని విరిగింది. ఆ పక్క బోల్టుకు పట్టు పోయి కమోడు ఊగడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ దాని మీద ఒక్కసారి కూర్చుని, గోడ పట్టుకుని అరిచింది. అంతే, నీళ్లు తాగడం మానేసింది. డాక్టరేమో బాగా తాగించమన్నాడు. "తాగితె లేవాలె. లేస్తె గా ఉయ్యాల మీద గూసోవాలె. నాకొద్దు" అంది. కుర్చీకి నడుమ రంధ్రం కోసి కింద బకెట్టు పెడతానన్నాను. "నా బకెటు నువ్వు ఎత్తుడేంది రా? గంతకంటె సచ్చుడు నయం" అని గోడవైపు తిరిగింది. ఆమె పెదవులు ఎండి పగిలాయి. నాకు నిజంగా భయమేసింది.

ప్లంబరు సెల్‌ఫోన్‌లో మాట్లాడుకుంటూనే వచ్చి, మాట్లాడుకుంటూనే చూసి, "బీడు పైపు నాతోని గాదు సార్. బండలు వలగ్గొట్టి మొత్తం ప్లాస్టిక్‌ది ఏస్త" అన్నాడు. బండలు అనగానే చాచా గుండె పట్టుకున్నాడు. ఇక మిగిలింది నేను.

కమోడు విప్పి పక్కన పెట్టి, పైపు మూతిలో గుడ్డ కుక్కాను (ఆ మధ్యాహ్నం గురించి ఇంతకంటే వివరించను, మీరు అన్నం తినాల్సినవాళ్లు). వెల్డింగు షాపులో మందపాటి ఇనుప పట్టీని అర్ధచంద్రంలా కోయించి తెచ్చి, విరిగిన చోట బిగించి, కొత్త బోల్టులు వేశాను. గుడ్డ తీసి, పుట్టీ పెట్టి, కమోడు దించి, చుట్టూ తెల్ల సిమెంటు పూశాను. రేపటిదాకా ఎవరూ ముట్టొద్దని చెప్పి పెరట్లోకి స్నానానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి చాచా దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు. "పక్కా అయిందా లేదా అని జూస్తున్న బేటా, పరేషాన్ గాకు." సిమెంటు చిట్లింది. గీకి, మళ్లీ పూశాను. మా దగ్గర రోగిని పలకరించడానికి వచ్చినవాళ్లు ఇంట్లో జరుగుతున్న పనిని కూడా పలకరించి పోతారు. ఎదురింటామె చేత్తో నొక్కి చూసింది. ఆమె మరిది కాలితో తట్టి చూశాడు. నాగల్‌గిద్ద నుంచి వచ్చిన కందుల వ్యాపారి ఏకంగా కూర్చునే చూశాడు (ఆయన మాకు ఏమవుతాడో నాకిప్పటికీ తెలియదు). అందరూ మంచి మనసుతోనే ఊపారు. మరోసారి సిమెంటు గీకుతుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా.

అది వినబడిందేమో, లోపలి గదిలో కర్ర చప్పుడైంది. ఆపరేషన్ తర్వాత నేను పట్టుకుంటే తప్ప మంచం దిగని పెద్దమ్మ, ఒక్కతే గోడ పట్టుకుని నడిచి వచ్చింది. కుర్చీ వేయించుకుని బాత్‌రూం తలుపుకు అడ్డంగా కూర్చుంది. "పూయ్ రా. ఇగ ఎవడొస్తడో నేను జూస్త."

సాయంత్రం చాచా రానే వచ్చాడు. "జర చూసి పోత అక్కా."

"కండ్లతోని జూడు. చెయ్యి వెట్టినవనుకో, నా మోకాలు లెక్కనే అయితది."

చాచా దూరం నుంచే మెచ్చుకుని వెళ్లిపోయాడు. నేను ఆమె కుర్చీ పక్కనే నేల మీద, గోడకు ఆనుకుని నిద్రపోయాను.

తెల్లారాక పెద్దమ్మ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను బోల్టులు బిగించే పానా పట్టుకుని బయట నిలబడ్డాను.

"అరేయ్!"

"ఏమైంది పెద్దమ్మా? ఊగుతున్నదా?"

"ఊగుతలేదు. చెంబెడు నీళ్లు తెచ్చిపెట్టు, బయటికొచ్చి తాగుత. దూపతోని పానం వోతుంది."

చెంబు మొత్తం తాగింది. ఇంకో చెంబు అడిగి తాగింది. మూతి తుడుచుకుని, నా వైపు చూసి, "నౌకరి ఇడిచిపెట్టి గిదే పని జెయ్ రా, బాగుపడ్తవ్" అంది. వెక్కిరించిందనుకుని నాకు రోషమొచ్చి ఆ పూటంతా ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ గుమాస్తా ఉద్యోగమే చేశాను. నా పని చూసి బాగుందని ఎవరూ అనలేదు, నేనూ ఎదురుచూడటం మానేశాను. ఆ రోజు మూతి ముడుచుకుని కూర్చున్న కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. జన్మలో నీకు దక్కబోయే మెప్పు అదొక్కటేరా, లేచి పెద్దమ్మ కాళ్లకు దండం పెట్టుకో అని వాడికి ఎవరైనా చెప్పి ఉండాల్సింది.