చప్పట్ల సిస్టరమ్మ

తాండూరు బండల గనిలో పనిచేసే మా అమ్మకు అక్షరాలు నేర్పింది ఒక కాన్వెంటు సిస్టరమ్మ. సంతోషం పట్టలేకపోతే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. బండలు చీల్చే ఉలితోనే అమ్మ ఓ బండ మీద "మొగులమ్మ" అని తన పేరు చెక్కిన రోజు గనంతా ఆ చప్పట్లే!

సాయంత్రానికి ఆ బండ లారీ ఎక్కేసింది. సిస్టరమ్మ ఉరికి, చేతులు చాపి లారీకి అడ్డం నిలబడింది.

"జరుగుండ్రి సిస్టరమ్మా, లేటయితున్నది!" అన్నాడు డ్రైవర్.

"గా బండ దించు. దాని మీద మా మొగులమ్మ పేరున్నది!"

దించాడు. ఇప్పుడది మా గడప ముందుంది. వికారాబాద్‌కు బదిలీ అయిన సిస్టరమ్మ ఎప్పుడొచ్చినా తలుపు కొట్టదు. వంగి, బండ మీది పేరు చూసి, బడిలో హాజరు పిలిచినట్టు గట్టిగా చదువుతుంది.

మోకాళ్ల నొప్పులని పొద్దంతా మూలిగే మా అమ్మ, పొయ్యి మీద కూర వదిలేసి బయటికి ఉరుకుతుంది.

"ఉన్న సిస్టరమ్మా!"