పెద్దమ్మ వాపస్ ఇచ్చిన పదకొండు సర్టిఫికెట్లు

మా పక్కింటి పెద్దమ్మ పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. పోయినవాళ్ల గురించి కొంచెం కాలం గడిచాక, మనసు కుదుటపడ్డాక రాయాలంటారు. నాకు అంత వ్యవధి లేదు. ఈ నెలాఖరుకు మా ఊరి నుంచి ఒక జాబితా మండలానికి, అక్కడి నుంచి జిల్లాకు, చివరికి ఢిల్లీకి పోతుంది. మా ఊళ్లో చదవడం రాని పెద్దవాళ్లు ఇక ఎవరూ లేరని అందులో ఉంటుంది. పెద్దమ్మ బతికి ఉండగా ఒప్పుకోని మాట అది. ఇప్పుడు దాన్ని ఆమె పేరు మీదే పంపుతున్నారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను డిచ్‌పల్లిలో హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదువుతున్నాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. ఆ ఉదయం అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, పెద్దమ్మకు చాయ్ పట్టుకపోయిన. పిలిస్తె లేవలే," అన్నది. మళ్లీ అదే మాట చెప్పింది. అప్పుడు అర్థమైంది నాకు.

కోటగిరికి దగ్గర్లోనే మా ఊరు. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. రెండిళ్లకు నడుమ ఒకటే గోడ, అంతే. అక్కా అని పిలిచే మా అమ్మ తప్ప, మా వాడంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. బోధన్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు నరికింది. అది మూతపడ్డాక నాట్లు వేసింది, పసుపు తవ్వింది. ఆదివారం ప్రార్థన అయ్యాక, మళ్లీ బుధవారం మధ్యాహ్నం, చర్చి వరండాలో చాప పరిచి పెద్దవాళ్లకు చదువు చెప్పేది. చర్చికి రానివాళ్లు కూడా చదువుకు వచ్చేవారు. కేంద్రం వాళ్ల వయోజన విద్య పథకం ఊళ్లోకి రాకముందు నుంచే ఆమె చెప్పింది. ఆ తర్వాత పథకం పేర్లు మారుతూ వచ్చాయి, వాచకాల అట్టలు మారుతూ వచ్చాయి. ఆమె చెప్తూనే పోయింది.

కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజు పలక ఇచ్చేది కాదు. తన సంగతి ఒకటి చెప్పేది. పెద్దమ్మకు ముప్పై ఎనిమిదేళ్ల దాకా అంకెలు తప్ప అక్షరాలు రావు. కానీ చర్చి పాటల పుస్తకంలో ఏ నంబరుకు ఏ పాటో నోటికి వచ్చు. గోడ మీద బోర్డులో నంబరు చూసి, సరిగ్గా ఆ పేజీ తీసి, పుస్తకం ముందు పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేది. ఆమెకు చదువు వచ్చనే అందరూ అనుకున్నారు. ఒక ఏడాది పాటల పుస్తకం కొత్తగా అచ్చయి వచ్చింది. అందులో పాటల వరుస మారింది. దాన్ని మొదటిసారి తెరిచింది ఒక పెళ్లిలో.

"చర్చి అయ్యగారు నంబరు జెప్పిండు," అనేది పెద్దమ్మ. "నేను గొంతెత్తిన. పెండ్లిపిల్ల ముంగట నిలవడి సమాధి కాడ పాడే పాట అందుకున్న. రెండు చరణాలు పాడిన. నన్ను ఆపెటోళ్లు లేరు, నా గొంతు గసొంటిది. పిల్లగాని తల్లి ఇప్పటికి గూడ నాతోని మాట్లాడది."

ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు. నవ్వు ఆగేదాకా చూసి అనేది: "యాదికున్నది సదువు గాదు. పుస్తకం పట్టుకున్నోళ్లందరికీ సదువు రాదు."

ఆ పెళ్లి అయిన వారానికే ఆమె అప్పటి అయ్యగారి భార్య దగ్గరికి పోయి, నాకు అక్షరాలు చెప్పండని అడిగింది. కూలి నుంచి వచ్చి, రోజూ కొంచెం కొంచెం నేర్చుకుంది. రెండేళ్లు పట్టింది.

మా అమ్మ చేరిన మొదటి ఏడాది వాచకం మొత్తం గడగడా చదివేది. నేను పొంగిపోయేదాన్ని. ఒకరోజు అమ్మ చదువుతుండగా పెద్దమ్మ మెల్లగా చెయ్యి చాపి పేజీ తిప్పేసింది. అమ్మ ఆపలేదు. వెనక పేజీలోని పాఠమే చదువుతూ పోయింది.

"పేజీ తిరిగింది పిల్లా," అన్నది పెద్దమ్మ.

"నీకెందుకక్కా, నా పాఠం నేను సదువుతున్న," అన్నది అమ్మ.

వరండా అంతా నవ్వింది. అమ్మకు తర్వాత తెలిసింది ఎందుకు నవ్వారో. ఆ రోజు నుంచి వాచకం సగం పూటే. మిగతా సగం పూట పెద్దమ్మ సంచిలోంచి ఏదో ఒక కాగితం తీసేది. పెళ్లి పత్రిక, విత్తనాల సంచి ముక్క, కరెంటు ఆఫీసు నోటీసు, మందు గోలీల పెట్టె. ఎవరూ ముందు చూసినది కాకూడదు. "సూడని కాయితం సదివిననాడు నీకు సదువొచ్చినట్టు. గప్పటిదాంక రాలేదు. రాలేదంటె తప్పేం లేదు, వచ్చిందంటెనే తప్పు," అనేది.

ఒక బుధవారం ఐదుగురిని బోధన్ బస్టాండుకు తీసుకుపోయింది. సెలవులకు వచ్చి ఉన్నాను కాబట్టి నేనూ పోయాను. బస్సుల బోర్డులే ఆ రోజు పాఠం. నిజామాబాద్, బాన్సువాడ అని అమ్మ ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. ఆ తర్వాత ఒక బస్సు ముందు నిలబడిపోయింది. పెదవులు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదు.

"ఇన్ని దినాలు సదివి గీ ఒక్కటి రాకపాయె," అన్నది కళ్ల నీళ్లు పెట్టుకుని.

"గది మరాఠీ బస్సు పిల్లా. నాకు గూడ రాదు."

"నీకు రానిది గూడ ఉన్నదా అక్కా?"

"మస్తున్నది. రానిదాన్ని రాదని జెప్తున్న, గంతే."

అక్కడే జామపండ్లు అమ్మే మరాఠీ ఆమె ఉంది. పెద్దమ్మ ఆమె దగ్గరికి పోయి, ఆ బోర్డు మీదవి ఏం అక్షరాలని అడిగింది. అప్పటికి పెద్దమ్మకు అరవై దాటాయి. ఆనాటి నుంచి బోధన్‌కు పోయినప్పుడల్లా ఆమె దగ్గర రెండు మరాఠీ అక్షరాలు నేర్చుకోవడం, ఆమెకు రెండు తెలుగు అక్షరాలు నేర్పి రావడం. పోయిన నెలలో నాకు ఫోన్ చేసి, "నాందేడ్ బస్సు నేనే సదివి చెయ్యెత్తి ఆపిన. మల్ల ఎక్కలే. డ్రైవర్ తిట్టిండు," అని చెప్పి చాలాసేపు నవ్వింది.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

పోయిన ఏడాది మా ఊళ్లో పథకం తరఫున పరీక్ష పెట్టారు. అప్పుడు పెద్దమ్మ కంటి ఆపరేషన్‌కు నిజామాబాద్ పోయింది. ఆమె బదులు నన్ను వాలంటీర్‌గా కూర్చోబెట్టారు. పరీక్ష రాసేవాళ్లు పదకొండు మంది, అందరూ ఆడవాళ్లే, అందులో మా అమ్మ ఒకతె. ఒక్కరు కూడా ఫెయిల్ కాకుండా చూడమని మండలం సారు ముందే చెప్పాడు. ప్రశ్నపత్రం చూసి వాళ్లు బిత్తరపోయారు. నాకు జాలేసింది. మొదట అమ్మకు ఒక జవాబు రాసిచ్చాను. తర్వాత అమ్మ పక్కన ఉన్నామెకు. చివరికి పదకొండు పేపర్లూ నా చేతి రాతతోనే నిండాయి. పాపం చేస్తున్నానని అనిపించలేదు. సేవ చేస్తున్నాననే అనిపించింది.

సర్టిఫికెట్లు వచ్చాయి. అమ్మ తన దాన్ని గోడకు పెట్టుకుంది. పెద్దమ్మ నల్లద్దాలతో ఇంటికి తిరిగి వచ్చి, దాన్ని తడిమి చూసి, తన సంచిలోంచి ఆస్పత్రి వాళ్లు తెలుగులో అచ్చువేసి ఇచ్చిన కాగితం తీసింది.

"చుక్కల మందు దినానికి ఎన్నిమాట్ల ఎయ్యాల్నో గిండ్ల ఉన్నదట. నాకు కండ్లు అవుపడ్తలేవు. నువ్వు పాసైతివి గద, సదివి జెప్పు," అని అమ్మ చేతికిచ్చింది.

అమ్మ మొదటి మాట చదివింది. రెండో మాట దగ్గర ఆగింది. 

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "పాసైంది ఎవరే?"

"నేను, పెద్దమ్మా."

"నువ్వు ఎన్నిమాట్ల పాసైతవే? ఇంటర్ పాసైతివి, డిగ్రీ పాసైతివి. ఇప్పుడు మీ అవ్వ పరీక్ష గూడ నువ్వే పాసైతివి. ఆమెకేం మిగిలిస్తివి?"



మర్నాడు ఆమె పదకొండు ఇళ్లకూ పోయి పదకొండు సర్టిఫికెట్లూ అడిగి తీసుకుంది. ఎవరూ కాదనలేదు. నన్ను వెంటబెట్టుకుని కోటగిరి బస్సెక్కింది. మండలాఫీసులో ఆ సారే అవి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఇచ్చుడే ఉంటది గని వాపస్ తీసుకునుడు ఉండదమ్మా. దానికి ఫారమే లేదు."

"ఫారం లేకుంటె తెల్ల కాయితం ఇయ్యి సారు. నేను రాస్త."

"గిది పైకి పోతె మీ ఊరికే చెడ్డ పేరు."

"ఢిల్లీల ఉన్నోళ్లు మమ్ముల సూస్తరా సారు? కాయితాన్నే సూస్తరు. కాయితంల మాకు సదువొచ్చి ఉంటె, ఇగ మాకు సదువు ఎందుకు పంపుతరు?"

అక్కడే బల్ల మీద వంగి, ఆపరేషన్ అయిన కన్ను చికిలించుకుని రాసింది. పదకొండు మందికి చదువు ఇంకా రాలేదని, వచ్చాక పరీక్ష పెట్టమని, అంతవరకు పుస్తకాలు ఆపవద్దని. భోజనం వేళ దాటిపోయింది. సారు లేచిపోలేదు. అది మాత్రం ఆయన విషయంలో ఒప్పుకోవాలి. కాగితం తీసుకుని ముద్ర వేశాడు.

బస్సులో ఆమె నాతో ఒక్కటే అన్నది. "ఇగ నుంచి నువ్వు గూడ వచ్చి సెప్పు. గని పెన్సిల్ నీ చేతిల పట్టకు." ఈ ఏడాదంతా సెలవులున్నప్పుడల్లా ఆ వరండాలో కూర్చున్నాను. ఎవరైనా ఒక అక్షరం దగ్గర ఆగిపోతే చేతులు కట్టుకుని ఎదురుచూడటం నాకు అన్ని పరీక్షలకంటే కష్టంగా ఉండింది.

పెద్దమ్మను సమాధి చేసిన మూడో రోజు పంచాయతీ ఆఫీసు ముందు ఫ్లెక్సీ కట్టారు. ఆమె ఫొటో, దాని కింద "ఆమె కల నెరవేరింది, మన ఊరు సంపూర్ణ అక్షరాస్యత గ్రామం" అని. నేను కోటగిరి పోయి సారును అడిగాను. ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. పదకొండు పేర్లూ పాసైనట్టే ఉన్నాయి. పెద్దమ్మ రాసిచ్చిన కాగితం ఫైలులో భద్రంగానే ఉంది. "గది రాసింది ఆమె. ఆ పదకొండు మందిల ఒక్కరు గూడ రాసియ్యలే. ఎవరి పేరు వాళ్లు, వాళ్ల చేతితోని రాసిస్తె నేను తీసేస్త. జాబితా పోయినంక నా చేతిల ఏం లేదు," అన్నాడు. జాబితా పోతే మా ఊరికి ఇక పుస్తకాలు రావు, వాలంటీర్ ఉండరు, పరీక్ష ఉండదు. ఆ పదకొండు మంది సగంలో ఆగిపోతారు.

ఊళ్లో ఈ మాట ఎత్తితే నా మీదికే వస్తున్నారు. "పోయినామెకు పేరొస్తుంటె అడ్డం పడుతవా?" అని ఒకరు. "మా అవ్వకు సదువు రాదని మేమే దండోరా ఎయ్యాల్నా?" అని ఒక కొడుకు. అతను నిజామాబాద్‌లో పని చేస్తాడు. వాళ్ల అమ్మ ఏ బస్సెక్కాలో ఇప్పటికీ పక్కవాళ్లను అడుగుతుంది. అతని సిగ్గు నాకు తెలియనిది కాదు. పరీక్ష రోజు నా చేత పెన్సిల్ పట్టించింది కూడా కొంచెం ఆ సిగ్గే. కానీ మన సిగ్గు కోసం మన అమ్మల చదువును మూసేస్తామా? దేశంలో ఇంతమందికి చదువు వచ్చిందని ఢిల్లీలో ఎవరైనా మైకు ముందు చెప్పేటప్పుడు, అందులో మా ఊరి పదకొండు మంది ఉండకూడదు. వచ్చిననాడు ఉంటారు. అప్పుడు నేనే ఫ్లెక్సీ కడతాను. ఈ ఫ్లెక్సీని మాత్రం ఒప్పుకోను. పెద్దమ్మ కల అది కాదు. చదువు రాని ఒక్క మనిషికి కూడా వచ్చిందని ఆమె చెప్పలేదు, తనతో సహా.

అందుకే ఆ పదకొండు మందినీ, ఇది చదివే వాళ్ల పిల్లలనూ అడుగుతున్నాను. మీ పేరు జాబితాలో ఉండాలో, తీసేయాలో ఒక్క వాక్యం రాసి ఇవ్వండి. ఉండాలని రాసినా సరే, నేను వాదించను. కానీ అది మీ చేతి రాత కావాలి. కొడుకులారా, కూతుళ్లారా, మీరు రాయకండి. నేను చేసిన పని మీరు చేయకండి. తప్పులున్నా సరే, ఎంతసేపు పట్టినా సరే, పక్కన కూర్చోండి చాలు.

ఇప్పటికి ఒకటి వచ్చింది. మా అమ్మది. నిన్న అన్నం తిన్నాక గడపలో కూర్చుని మొదలుపెట్టింది. నన్ను చూడనివ్వలేదు. రెండుసార్లు చెరిపింది, ఒకసారి కాగితం చిరిగితే ఇంకోటి తీసుకుంది. గేదెలు ఇంటికి వచ్చే వేళకు నా చేతిలో పెట్టి, పాలు పిండటానికి పోయింది. అందులో ఇలా ఉంది: "నాకు సగం వచ్చు. సగం రాదు. పేరు తియ్యుండ్రి."

ఇంకా పది రావాలి. ఇరవై అయిదో తారీఖు సాయంత్రం దాకా చర్చి వరండాలోనే ఉంటాను. ఆ లోపల తెచ్చి నా చేతికివ్వండి.