గనిలోకి వేసిన దారి

మొన్న వికారాబాదులో మా ఇంటికి తాండూరు నుంచి కబురు వచ్చింది. మా మేనమామ పోయాడు. మధ్యాహ్నం బండికే అమ్మా నేనూ బయలుదేరాం. ధారూర్ స్టేషన్ దాటాక అమ్మ మెల్లగా, "ఇగ హాయిగ పండుకుంటడు, నా తమ్ముడు" అంది.

ఎందుకన్నదో నాకు తెలుసు.

తాత కంది పండించిన చేనునే తవ్వి మామ ఇళ్లలో నేలకు పరిచే నాపబండల చిన్న గని మొదలుపెట్టాడు. నా చిన్నప్పుడు మేం వేసవి సెలవులకు వెళ్తే, కొత్త బండను వేలి కణుపుతో కొట్టి నన్ను చెవి పెట్టమనేవాడు. "గంట లెక్క మోగుతున్నది సూడు బిడ్డా!" మధ్యాహ్నాలు ఇంటిల్లిపాదీ నేలకు పరిచిన ఆ చల్లని బండల మీదే పడుకునేవాళ్లం. అందరికంటే ముందు ఆయన గురకే వినిపించేది.

ఒక ఎండాకాలం మేకలు కాసే అవ్వ ఒకామె వాకిట్లోకి వచ్చింది. గనిలోంచి తీసిన రాళ్లూ మట్టీ పడి పక్కనున్న వాగు పూడిపోయింది. రాయి తీసేసిన పాత గుంతలో వాన నీళ్లున్నా దిగే దారి లేదు. ఆ అంచు మీద నుంచి జారిపడి ఆమె మేక చచ్చిపోయింది.

అవ్వ తిట్టలేదు. "పటేలా, నీ బండల మీద ఊరంత సల్లగ పండుకుంటున్నది. మా మేకలు యాడ తాగాలె?" అని మాత్రం అడిగింది.

ఆ రోజు నుంచి మామ ఆ నేల మీద పడుకోలేకపోయాడు. బయట రేకుల కింద, కుక్కి మంచంలో చెమటలు కక్కుతూ దొర్లేవాడు. గని మూసేస్తాననేవాడు. కూలీల ముఖాలు గుర్తొచ్చి ఊరుకునేవాడు. చివరికి అమ్మే అంది: "తమ్మీ, నువ్వు ఉడుకుల పండుకుంటె వాగు తిరిగొస్తదా?"

ఆ వారమే గుట్ట పడిన రాళ్లతో గుంతలోకి వాలుగా దారి వేయించడం మొదలుపెట్టాడు. తనూ తట్ట మోశాడు. వాలు ఎక్కువైందని ఒకసారి అంతా విప్పించాడు. అవ్వ తన ముసలి మేకను దించి చూసి, "మంచిగున్నది" అన్నాకే ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరో పుణ్యం చేశావంటే కసిరాడు.

"పుణ్యమేంది? పోయిన వాగు పోయిందే. తవ్వినోడు దిగెతందుకు తొవ్వన్న పెట్టాలె."

గని మాత్రం ఆపలేదు. ఆ బాధ మోస్తూనే బతికాడు. తర్వాత తవ్విన ప్రతి గుంతకూ, రాయి తీయడం అయిపోగానే దారి పడేది.

దహనం అయిన మర్నాడు గని వైపు వెళ్లాను. పని ఆపేశారు. అవ్వ కోడలు మేకలను తోలుకొచ్చింది. "పటేలు పోయిండని అత్తకు ఇంక చెప్పలేదక్కా. ఏడుస్తది" అంది. మేకలు ఒకదాని వెనక ఒకటి ఆ వాలు దారిలో దిగి నీళ్లలో మూతులు పెట్టాయి. గుంత నీళ్ల నిండా నీడలై పరుచుకున్న మబ్బులు ఒక్కసారిగా చెదిరిపోయాయి.