వెనక చక్రాల మీద బరువు

రేనో మంచివాడని మా ఊళ్లో అందరూ అంటారు. ఎవరి పైకప్పు మీద మంచు పేరుకున్నా పార పట్టుకుని పరిగెత్తుతాడట, ఎవరేమడిగినా కాదనడట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సొంత అక్కల దగ్గరికొచ్చేసరికి ఆ మంచితనం ఏ గంగలో కలుస్తుందో! పక్కింటిదాన్ని, నాకు తెలియనిదా?

పెద్దక్క సైమి బడిలో వంటమనిషి. పెళ్లి చేసుకోలేదు. చిన్నక్క లెంపికి మూత్రపిండాలు పాడైనప్పటి నుంచి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పట్నం తీసుకెళ్లేది ఆవిడే. అమెరికా ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు మీంచి మంచు వచ్చి పడే మా వైపు ఖాళీ పికప్ ట్రక్కు కొండెక్కదు. ఇంజను బరువంతా ముందు, బండిని నెట్టే చక్రాలేమో వెనక. అందుకని ఏటా ఆకులు రాలే రోజుల్లో సైమి ఇసుక తెచ్చి, ఆవిరి స్నానాల గదిలో బల్లల మీద పరిచి, పొయ్యి రాజేసి ఆరబెడుతుంది. తడి ఇసుకైతే గడ్డకట్టి బండరాయి అవుతుంది. పొడిదైతే చక్రాలు జారినచోట చల్లుకోవచ్చు కూడా. దాన్ని బస్తాలకెత్తి, సరిగ్గా వెనక చక్రాల పైన, కదలకుండా చుట్టూ చెక్క చట్రం కొట్టి సర్దుతుంది. అది ఆరేదాకా ఆ ఇంట్లో స్నానం లేదు. అక్కచెల్లెళ్లు స్నానానికి మా ఇంటికొస్తారు.

నవంబరులో జింకల వేటకని రేనో ఆ ట్రక్కు అడిగి తీసుకెళ్లాడు. ఆ వారమే మంచు తుఫాను వచ్చి, లెంపికి ఒకసారి డయాలసిస్ తప్పిపోయింది. ముఖం ఉబ్బింది, మాటమాటకీ ఆయాసం. రేనో రాత్రి ట్రక్కు తెచ్చి వాకిట్లో పెట్టి అక్కల ఇంట్లోనే పడుకున్నాడు. పొద్దున సైమీ నేనూ లెంపిని చెరో రెక్కా పట్టుకుని బయటికి తీసుకొస్తే, ట్రక్కు వెనక భాగం బోసిగా ఉంది.

“బస్తాలేవిరా?” అంది సైమి.

“వేట క్యాంపులో ఉన్నాయక్కా. గాలికి టార్పాలిన్ లేచిపోతుంటే దాని మీద పెట్టాం. ఎక్కడికి పోతాయి, ఆదివారం తెస్తాలే.”

“చట్రం?”

“చలేసిందని...” నసిగాడు. “పొయ్యిలో పెట్టేశాం. కాఫీ ఉందా?”

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు! వాడి నెత్తిన ఆ కాఫీ కుమ్మరిద్దామనిపించింది నాకు.

ఆడవాళ్లం ముగ్గురం ఎక్కి బయల్దేరాం. కొండ సగం కూడా ఎక్కకుండానే చక్రాలు గిర్రున తిరిగి, ట్రక్కు అడ్డంగా వెనక్కి జారి కాలవ అంచున ఆగింది. లెంపి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“రేపెళ్దాంలే అక్కా.”

“రేపటికి నువ్వుండాలిగా!” అని సైమి తలుపు దభాలున తోసుకుని దిగింది. అప్పటికే రేనో పార పట్టుకుని రొప్పుతూ వస్తున్నాడు.

“ఎక్కు.”

“లోపల చోటేదక్కా?”

“లోపలికెవరు రమ్మన్నారు? వెనకెక్కు. నాలుగు బస్తాలు దించావు, నాలుగు బస్తాల బరువుంటావు. ఎక్కరా!”

“ఈ చలిలోనా? చచ్చిపోతానే!”

“చచ్చేది నువ్వా? దాని మొహం చూసి అను ఆ మాట!”

రేనో కిటికీ అద్దంలోంచి లెంపిని చూశాడు. వెనకెక్కి, చివర తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు.

“అక్కడ కాదు దద్దమ్మా! చివర బరువుంటే ముందు చక్రాలు తేలిపోతాయి, బండి నా మాట వినదు. ఇటు జరుగు. చక్రాల మీదికి. ఊఁ, చతికిలబడు!”

నేను మా ఇంటికి పరిగెత్తి పొయ్యి బూడిద తెచ్చి చక్రాల కింద చల్లాను. ట్రక్కు మూలుగుతూ కొండెక్కింది.

పట్నం చేరేసరికి రేనో గడ్డం మంచుకట్టింది. ఆస్పత్రిలో లెంపి చేతిలోంచి నెత్తురు గొట్టాల్లోకి వెళ్లి, యంత్రంలో తిరిగి, మళ్లీ చేతిలోకి రావడం వాడు చూడ్డం అదే మొదటిసారి. ఊరందరి పైకప్పులూ ఎక్కినవాడికి ఇన్నాళ్లూ ఈ గుమ్మం ఎక్కే తీరిక దొరకలేదు.

“ప్రతిసారీ ఇంతేనా?” అనడిగాడు నన్ను.

“నన్నడుగుతావేం? మీ అక్కనడుగు.”

అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఎవరూ చెప్పకుండానే వెనకెక్కి, సరిగ్గా చక్రాల మీద కూర్చున్నాడు. లెంపి నా భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. ఇరుక్కుంటే లోపల నలుగురం పట్టేవాళ్లం. సైమికీ తెలుసు, పిలవలేదు. నేనైనా పిలిచేదాన్ని కాదు.